వంటామెకు ఏ రోజు?

అమ్మణ్ణికి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. మనిషి లేని గదిలో లైటు వెలుగుతుంటే ఆమె చెయ్యి ఊరుకోదు. కడప దగ్గర పుట్టింట్లో ఒక్క బల్బు కింద పెరిగిన మనిషి మరి. గల్ఫులో మత్రా అనే ఊళ్లో అబ్దుల్ వహాబ్ ఇంట్లో పనికి కుదిరి ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

ఆ శుక్రవారం పొద్దుగూకే వేళ కూడా అదే చేసింది. ఇంటికొచ్చిన చుట్టం గదిలో తువ్వాళ్లు పెట్టడానికి వెళ్లింది. ఆవిడ స్నానాల గదిలో ఉంది. బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. దీపాలు పెట్టుకున్నారు కదా, ఇంకా ఈ లైటెందుకని టక్కున ఆపేసి వచ్చేసింది. దీపాల జోలికి మాత్రం పోలేదు. సందెవేళ దీపం ఆర్పే ఇంటి పిల్ల కాదు ఆమె.

ఆ చుట్టం పేరు సొలికా. మొరాకోలో పుట్టిన యూదు పెద్దావిడ, డెబ్బై దాటాయి, పారిస్‌లో పాఠాలు చెప్పి రిటైరయింది. అబ్దుల్ వహాబ్ కూడా కాలేజీలో తత్వశాస్త్రం చెప్పినవాడే. కొత్త కాలం వచ్చి మీద పడినప్పుడు యూదు పండితులు ఏమేం ఆలోచించారో ఆదివారం తన స్నేహితులకు చెప్పమని ఆవిడను పిలిపించుకున్నాడు.

వంటింట్లోకి వచ్చేసరికి ఫోను మోగింది. చెల్లెలు రాజేశ్వరి. ఇబ్రిలో ఇంకో ఇంట్లో పనిచేస్తుంది. బస్సెక్కితే నాలుగు గంటలు, కానీ అక్కాచెల్లెళ్లు ముఖాలు చూసుకుని మూడేళ్లు.

"ఏం అక్కా, వచ్చే శుక్రవారమన్నా వస్తాండావా లేదా?"

"యాడొచ్చేది మే! శుక్రవారమొస్తే ఈ ఇంటికి సుట్టాలే సుట్టాలు. అడుగుదామంటే నోరు పెగల్దు."

"అడక్కపోతే ఆయప్పకేమన్నా కలొస్తాదా? అంతంత లావు పుస్తకాలు సదివే మనిషికి నీ మొగం సదవను రాదా?"

"ఊరుకోమే, తిక్కదానా," అని పెట్టేసింది గానీ, ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

మంచినీళ్లు తీసుకుని గదికి వెళితే సొలికా మసకలో కూర్చుని, పుస్తకాన్ని కళ్లకు ఆనించుకుని తంటాలు పడుతోంది. అమ్మణ్ణిది వంటింట్లో నేర్చిన అరబీ, ఆవిడది మొరాకో అరబీ. ఆ రెంటినీ చేతులు తిప్పుతూ కలుపుకున్నారు. ఆవిడను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తుంది అమ్మణ్ణి.

"అయ్యో ఖాలా, సీకట్లో కూచున్నారే! లైటెయ్యాలా?"

"వెయ్యమని నేను అడగకూడదమ్మా. ఇప్పటి నుంచి రేపు సాయంత్రం చీకటి పడేదాకా మాకు విశ్రాంతి. స్విచ్చు ముట్టం, ఇంకొకరి చేత ముట్టించం. అందుకే ముందే వేసి ఉంచాను. ఎలా ఆరిపోయిందో!"

అమ్మణ్ణి నాలిక్కరుచుకుంది. "నేనే ఆపేసినా ఖాలా! నా చెయ్యి ఇరగ!"

పెద్దావిడ పడీ పడీ నవ్వింది. అమ్మణ్ణి మాత్రం క్షణం ఆలోచించి, వంటింట్లోంచి పప్పు పళ్లెం తెచ్చుకుని గుమ్మం దగ్గర చతికిలబడింది. "నేను పప్పు ఏరుకోవాల. నాకోసం లైటేసుకుంటాండా. మీరు సదువుకుంటే మీ ఇష్టం," అని స్విచ్చు వేసింది.

సొలికా ఒక పేజీ చదివింది. తల ఎత్తి పప్పులో కదులుతున్న ఆ వేళ్లను చూసింది. పుస్తకం మూసేసింది.

"ఆ పప్పు నాకోసమే ఏరుతున్నావు. మరి నీ విశ్రాంతి ఏ రోజు?"

"నాకా!" అని నవ్వబోయింది అమ్మణ్ణి. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అప్పుడు చెప్పింది సొలికా తన తాత సంగతి. మొరాకోలోని ఫెజ్ ఊళ్లోకి కరెంటు వచ్చిన రోజుల్లో పండితులందరూ ఒకటే వాదన. బల్బులో ఉన్నది నిప్పా, కాదా? ఆయన ఏళ్ల తరబడి దాని మీదే రాశాడు. యంత్రానికి అలుపు లేదు, దాని పక్కన బతికే మనిషి తన అలుపు మరిచిపోతాడు, వారానికొక రోజు మరవకుండా ఉండాలి అన్నాడు. ఊరంతా మెచ్చుకుంది. ఒకనాడు ఆ ఇంటి వంటామె అడిగిందట, "అయ్యా, మీరు అలుపు గుర్తుచేసుకునే రోజున ఆ గిన్నెలు కడిగేది నేనే కదా?" అని. ఇంట్లో దాసీ కూడా, గుమ్మం లోపలున్న పరాయి మనిషి కూడా విశ్రమించాలని తమ మతగ్రంథంలోనే ఉందని ఆయనకు తెలుసు. తెలిసీ చూడలేదు. అంత పండితుడూ తలవంచి, తన పుస్తకంలో ఆఖరి అధ్యాయం చించి మళ్లీ రాశాడు.

"ఆయన పుస్తకాలకంటే ఆ చించడమే నాకు గొప్ప," అంది సొలికా.

అమ్మణ్ణికీ అదే గొప్పగా తోచింది. చదువుకున్నవాళ్లు తప్పు ఒప్పుకోగా ఆమె ఎక్కడ చూసింది!

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. విజ్ఞానమూ విశ్వాసమూ ఒకే ఇంట్లో కాపురం చెయ్యగలవన్న పండితులు, తలుపులు వేసుకొమ్మన్నవాళ్లు, ఎదుటి మనిషి ముఖంలోకి చూడటంలోనే దేవుడున్నాడన్నవాళ్లు, అందరినీ సొలికా వరసగా చెప్పుకొచ్చింది. చివరికి తాతనూ చెప్పింది గానీ వంటామె మాట ఎత్తలేదు. ఎవరికోసమో అట్టే పెట్టినట్టు ఊరుకుంది.

"ప్రశ్నలున్నాయా?" అన్నాడు అబ్దుల్ వహాబ్.

కాఫీ కూజా పట్టుకుని నిలబడిన అమ్మణ్ణి ఒక అడుగు ముందుకేసింది. "బాబా, ఒకటుంది. ఆ పండితుడు వంటామెకు ఏ రోజు సెలవిచ్చినాడు?"

"శుక్రవారం," అంది సొలికా. "ఆ వంటామె ముస్లిం. ఆమె రోజు ఆమెకు."

అబ్దుల్ వహాబ్ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. ఆరేళ్లలో మొదటిసారి అతను అమ్మణ్ణి ముఖంలోకి చూశాడు. "మన ఇంట్లో అడగాల్సింది నువ్వు కాదు, నేను. శుక్రవారం నీది," అన్నాడు. భార్య నసీమా "మరి వంట?" అనబోయి, సొలికాను చూసి, "సరే, నేనే చూసుకుంటాలే," అంది.

శుక్రవారం పొద్దున బస్సు కొండలు దాటుతుంటే రాజేశ్వరి ఫోను. "యాడుండావక్కా?"

"బస్సులో."

"నిజమా! పంపించినారా?"

"పంపించేదేంది మే. నా రోజు, నేనొస్తాండా."

అంతలో ఇంకో ఫోను. నసీమా. "అమ్మణ్ణీ, యాలకులు ఎక్కడ పెట్టావు?"

"పై అరలో ఎర్ర మూత డబ్బాలో అమ్మా," అని చెప్పి, ఫోను సంచిలో పడేసి, అమ్మణ్ణి కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకు, తను ఎంత అలిసిపోయి ఉందో.