ముందు కుడికాలు

గులకరాళ్లు.

అప్పట్లో రోజూ తెల్లవారుతుండగా మంచం దిగబోయే దాలమ్మ అరికాళ్ల కింద... గులకరాళ్లు.

నిజానికి అది నున్నటి సిమెంటు నేల. కూతురు రోహిణి రోజూ తుడుస్తుంది. అయినా కాలు మోపితే చాలు, సువర్ణరేఖ నది ఒడ్డున ఉన్న రాళ్లన్నీ టాటానగర్ భుయ్యాడీహ్ బస్తీలోని ఈ ఒంటిగది ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టే ఉండేది.

ఏళ్లనాటి కీళ్లవాతం. మొదట చేతివేళ్లు వంకరపోయాయి. తర్వాత కాలివేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి. పాదాల ఎముకలు కిందికి పొడుచుకొచ్చాయి. ఏ చెప్పూ పట్టలేదు. చివరికి భర్త ధర్మరాజు పాత డ్యూటీ బూట్లే గతి అయ్యాయి — ఆ వేళ్లకు వాటిలోనే చోటు దొరికింది.

ఆపరేషన్ చేసి ఎముకల మొనలు తీసేస్తామన్నాడు డాక్టరు. వేళ్లను తీగలతో నిలబెడతామన్నాడు. రెండు కాళ్లకూ ఒకేసారి వద్దు, ఒకటి మానాక ఇంకొకటి అన్నాడు.

"పహలే కౌన్ సా పైర్?"

ముందు ఏ కాలు?

అదీ ఒక ప్రశ్నేనా! కొత్త కోడలిగా గడప దాటినప్పుడు కుడికాలు. ఊరొదిలి వచ్చి టాటానగర్‌లో రైలు దిగినప్పుడు కుడికాలు. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ కుడికాలు.

"కుడికాలు బాబూ" అని చేత్తో చూపించింది.

రోహిణి గాభరా పడింది. "మా, దర్ద్ తో బాయే మే జ్యాదా హై!"

నిజమే. నొప్పి ఎక్కువ ఎడమకాలిలోనే. ఎక్స్‌రే చూసి డాక్టరూ అదే అన్నాడు.

"సుబమా అని మొదలెడతంటే ఎడమకాలేటే?" కూతుర్ని కసిరింది దాలమ్మ.

అందరూ నవ్వారు. ఆమె మాటే నెగ్గింది.

కుడికాలికి ఆపరేషన్ అయింది. వేళ్ల చివర్ల నుంచి తీగలు బయటికి కనిపించేవి. వాకర్ పట్టుకుని నడవమన్నారు — పట్టుకోవడానికి చేతులు బాగుండాలిగా! ఆ వంకర వేళ్లతోనే వాకర్ నెట్టింది. బరువంతా ఎడమకాలి మీద వేసింది. నొప్పి ఎక్కువున్న కాలి మీదే... పాపం, నోరులేని కాలు. మోసింది.

తీగలు తీశారు. గాయం మానింది. కుడికాలి కింద ఇప్పుడు రాళ్లు లేవు. సాక్చీ బజారులో కొన్న చెప్పు పట్టింది కూడా.

ఒక కాలికి కొత్త చెప్పు. ఒక కాలికి మొగుడి బూటు. వీధిలోకి వెళ్తే పిల్లలు నవ్వుతారు. వాళ్లకంటే ముందు తనే నవ్వేస్తుంది.

ఎడమకాలు మాత్రం... మోసీ మోసీ ఇంకా చెడింది.

ఇవాళ ఆ కాలి కోసం ఆసుపత్రిలో చేరాలి. నిన్న సాయంత్రం దాలమ్మ అడ్డం తిరిగింది.

"నానెల్లను. మళ్లీ ఆ తీగలు, మళ్లీ ఆ వాకరు... నా వల్ల కాదే. అలిసిపోనాను."

అది భయం కాదు. భయమైతే ధైర్యం చెప్పేవాళ్లు. అలసటకు ఏం చెప్తారు?

"ఠీక్ హై, మా" అంది రోహిణి. సరేనంటూనే, ఆసుపత్రికి బ్యాగు సర్దింది.

ధర్మరాజు ఆదిత్యపూర్‌లో కాంట్రాక్టు పని ముగించుకుని వచ్చి, పాత బూటు ఒక్కటే తీసి, పాలిష్ చేశాడు. ఎడమకాలిది. మంచం పక్కన పెట్టాడు.

"నీ ఇట్టమే. బూటెలాగూ ఉంది గదా" అన్నాడు.

ఇప్పుడు తెల్లవారుతోంది. మంచం పక్కన బ్యాగు. దాని పక్కన బూటు.

అలవాటు కొద్దీ కుడికాలు దించబోయింది దాలమ్మ. ఆగింది. ఎడమకాలి వైపు చూసింది. వంకర పోయిన వేళ్లు, కాయలు కాసిన చర్మం... చాలాసేపు చూసింది. ఏడుపొచ్చింది.

"పదవే" అంది దానితో. "ఈపాలి నువ్వే ముందు."

మెల్లగా దించింది.

గులకరాళ్లు...

కాలు వెనక్కి తీసుకోలేదు.