ఆనందమ్మ వంతు

కండె నిండింది. కోమలి దారం తెంచి, దాన్ని గంపలో వేసి, ఖాళీ కండె తగిలించింది. పక్కగదిలో నాలుగు మరమగ్గాలు ఇల్లదిరేలా ఆడుతున్నాయి. వాళ్ల నాయన మునస్వామి వాటి మధ్య తిరుగుతూ, తెగిన పోగు ముడేసి, తలెత్తి పెదవులు కదిపాడు. గొంతు వినిపించదు. వినిపించాల్సిన పనీ లేదు. నగరిలో మగ్గాల వీధిలో పుట్టినవాళ్లకు ఎదుటివాళ్ల పెదవులు కనిపిస్తే చాలు.

'ఈ పొద్దు సభలో మన మగ్గాల తరఫున నువ్వే చెప్పల్ల' అంటున్నాడాయన.

కోమలి తల అడ్డంగా ఊపింది. ఆ సభ నడిపేది తనే, నడిపేవాళ్లు తమ అభిప్రాయం చెప్పకూడదని నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది.

'అయితే నువ్వుండేది దేనికి? మైకు మోసేదానికా?'

నవ్వింది గానీ, లోపల గుబులుగానే ఉంది. రాత్రిళ్లు మరమగ్గాలు ఆడాలా, ఆగాలా అన్నదే సభ తేల్చాల్సిన విషయం. రాత్రి మగ్గం ఆగితే ఇంట్లో సగం రాబడి ఆగినట్టే.

ఆ సభలో కూర్చునేవాళ్లను ఎవరూ ఏరలేదు. ఊళ్లోవాళ్ల పేర్లన్నీ చీటీలు రాసి, బిందెలో వేసి, అందరి ముందరా తీశారు. టీ అంగడి హరినాథ్ పేరు వచ్చింది, బడి పంతులు పేరు వచ్చింది, ఎదురింటి ఆనందమ్మ పేరూ వచ్చింది. బిందెకు పెద్దా చిన్నా తెలియదు గదా అనుకుని కోమలి ఆ రోజే విస్తుపోయింది.

సభ నడపడం నేర్చుకోవడానికి తిరుపతి పోయినప్పుడు ఆమె ఒక పొరపాటు చేసింది. ఉత్తుత్తి సభ పెట్టి ఒక్కొక్కరితో నడిపిస్తున్నారు. కోమలి వంతులో, బంగారుపాళ్యం మామిడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె దూరంగా మూల కూర్చుని, గొంతు రాకుండా 'మా సూపర్‌వైజరు ఉండాడే, ఎట్ల చెప్పేది' అని పెదవులతోనే అనుకుంది. అలవాటు కొద్దీ కోమలి వెంటనే, "మీ సూపర్‌వైజరు ఉన్నా భయం లేదు, చెప్పండక్కా" అనేసింది. ఆ సూపర్‌వైజరు అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె మొహం వాడిపోయింది. శిక్షణ ముగిసేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

నేర్పించే పంకజాక్షి మేడం తిట్టలేదు. సాయంత్రం బస్టాండు దాకా తోడు వచ్చి, మెల్లగా అంది. "ఆ మాట ఆమెది, కోమలీ. ఎప్పుడు బయటపెట్టేదీ ఆమె ఇష్టం. అంతవరకూ ఆమె వంతు ఇంకెవరూ లాక్కోకుండా చూడు. అదే నీ పని."

మధ్యాహ్నం బడి హాల్లో సభ మొదలైంది. ఒప్పుకున్న ప్రకారం చుట్టుపక్కల వీధుల్లో మగ్గాలన్నీ ఆపేశారు. ఊరు అంత నిశ్శబ్దంగా ఉండటం కోమలి ఎన్నడూ ఎరగదు. పైకప్పు మీద పావురం రెక్క విదిల్చినా వినిపిస్తోంది. గుండ్రంగా వేసిన కుర్చీల వెనక, కిటికీ దగ్గర, చూడవచ్చినవాళ్లలో మునస్వామి నిలబడి ఉన్నాడు.

ఒక్కొక్కరూ మాట్లాడారు. అప్పులని కొందరు, పిల్లల చదువులని కొందరు. ఆనందమ్మ వంతు వచ్చింది. ఆమె పెదవులు కదిలాయి, గొంతు రాలేదు.

'ఒక్క గడియ ఆపరాదా.'

కోమలికి అది కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ పొద్దుగూకే వేళ ఎదురుగడప మీద ఆ పెదవుల్ని చదువుతూనే ఉంది. నాయనా చదివేవాడు, చదివి పోగుల మీదికి వంగేవాడు. గొంతుతో అనని మాటకు జవాబు చెప్పక్కర్లేదన్నది ఆ వీధి మర్యాద.

"ఆయమ్మకి చెప్పేదేం లేదులే, పక్కనోళ్లని అడగండి" అన్నాడు హరినాథ్.

పక్కవాళ్లని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఇంట్లో రాత్రి మగ్గాలూ ఆడతాయి. కోమలి అరచెయ్యి ఎత్తింది.

"వంతు ఇంకా ఆమెదే అన్నా."

ఎత్తిన చెయ్యి దించలేదు. ఎవరో దగ్గారు. కుర్చీ కిర్రుమంది. నాయన చూపు తన వీపు మీద ఉన్నట్టు ఆమెకు తెలుస్తోంది.

అప్పుడు గొంతు వచ్చింది. ఎదురిల్లే అయినా ఆ గొంతు ఇలా ఉంటుందని కోమలికి తెలియదు. ఆడపిల్ల గొంతులా సన్నగా ఉంది.

"మా ఇంటాయన మంచాన పడి శానా ఏండ్లయింది. రేత్రి నన్ను పిలస్తాడు. ఈ సద్దులో నాకు ఇనపడదు. తెల్లారి లేసి సూస్తే, నీళ్లకని సాపిన సెయ్యి అట్లనే ఉంటాది." కొంగుతో మూతి తుడుచుకుంది. "మగ్గాలు మూయమని నేననను. నేనూ నేసినదాన్నే. ఆయప్ప పిలిస్తే ఇనపడేట్టు, రేత్రి కొంచేపు. అంతే."

ఇన్నేళ్లూ ఇన్ని మగ్గాల కింద అణిగి ఉన్న ఒక్క గొంతు, ఇప్పుడు ఇంత పెద్ద హాలునూ నింపేసింది. ఔననీ కాదనీ తల ఊపకుండా ఉండటానికి కోమలి కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది. "తర్వాత మాట్లాడేది ఎవరు?" అని మాత్రం అంది.

తీర్మానం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

దీపాలు పెట్టే వేళకి మునస్వామి అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, రోజూలాగే మగ్గాల గదిలోకి పోయి, స్విచ్చు మీద వేలు పెట్టాడు. కిటికీలోంచి ఎదురుగడప కనిపిస్తోంది. ఆనందమ్మ కూర్చుని ఉంది. ఆమె పెదవులు కదలడం లేదు.

కోమలి కండెల గంప దగ్గరే నిలబడిపోయింది. ఆయన వేలు తీశాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఆమెను దాటుకుని గడప దిగాడు. వీధిలో మగ్గాలేవీ ఇంకా మొదలవలేదు; ఆయన చెప్పుల చప్పుడు వీధి దాటి ఎదురింటి వైపు పోవడం ఆమెకు చివరిదాకా వినిపించింది.