దిగిపొమ్మన్న కారు

అక్క కారు వస్తోందంటే వీధి మలుపులోనే తెలిసిపోయేది. పరిగెత్తేటప్పుడు దానికి ఏ రోగమూ లేదు. టర్బో ఇంజిన్ కదా, కాలు ఆనిస్తే చాలు, ఈల వేసుకుంటూ దూసుకుపోతుంది. నిలబడ్డ చోటే దాని అవస్థంతా. ఐడ్లింగ్‌లో గడగడ వణుకుతుంది, ఆగిపోయిందనుకునేంతగా నీరసపడుతుంది, అంతలోనే ఎవరో తట్టి లేపినట్టు ఉలిక్కిపడుతుంది. మెకానిక్ తోడబుట్టినదాని కారే ఇలా ఏడుస్తుంటే ఊళ్లోవాళ్లు తమ కార్లు ఏ ధైర్యంతో తెచ్చిస్తారు? చెవులోడికి తల కొట్టేసినట్టుండేది.

చెవులోడంటే ఆ మెకానిక్కే. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో ఇంజినంతా తడుముతూ రోగం కనిపెడతాడని ఆ పేరు వచ్చింది. ఈ కారు దగ్గర మాత్రం ఆ చెవులు ఎందుకూ కొరగాలేదు. స్కానర్ పెట్టాడు. కాయిల్స్ మార్చాడు. గాలి లోపలికెళ్లే గొట్టాల్లోకి పొగ కొట్టి, ఎక్కడైనా బయటికి వస్తుందేమోనని కళ్లల్లో వత్తులేసుకుని చూశాడు. సూదిమోపినంత చిల్లు లేదు. స్పార్క్ ప్లగ్గులు విప్పితే మాత్రం మసి పట్టి నల్లగా ఉన్నాయి. పెట్రోలు అతిగా తాగుతోందని అర్థమైంది గానీ ఎందుకు తాగుతోందో అంతుపట్టలేదు.

కారు బావది. షాపు ఇద్దరిదీ. చెవులోడు బానెట్ కింద తల దూరిస్తే బావ డ్రైవర్ సీట్లో కూర్చునేవాడు. ఇంజిన్ రొదలో మాటలు వినపడవు కాబట్టి, పానాతో బానెట్ అంచు మీద కొట్టడమే వాళ్ల భాష. రెండు దెబ్బలు కొడితే యాక్సిలరేటర్ తొక్కాలి, ఒకటి కొడితే వదిలేయాలి. అలాంటి బావ గుండెపోటుతో ఉన్నపళంగా పోయాడు. ఆ తర్వాత ఆ కార్లో కూర్చోవడానికి చెవులోడికి మనసు రాలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టార్ట్ చేసి, బయట నిలబడే పని కానిచ్చేవాడు.

ఆ మధ్యాహ్నం కూడా అలాగే వంగి పని చేసుకుంటూ, పరధ్యానంలో పానాతో రెండు దెబ్బలు కొట్టాడు. ఇంజిన్ గుర్రుమని లేచింది. తలెత్తి చూస్తే సీట్లో ఎవరూ లేరు. ఈసారి ఒక దెబ్బ కొట్టాడు. ఇంజిన్ బుద్ధిగా దిగిపోయింది. ఎగుడుదిగుడు ఐడ్లింగ్ కదా, దానంతటదే లేస్తుంది, దానంతటదే పడుతుంది అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మళ్ళీ కొట్టి చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

కాసేపటికి అక్క కారు కోసం వచ్చింది. కళ్లు లోతుకుపోయాయి, మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టూలు మీద కూలబడి కణతలు నొక్కుకుంటోంది.

"ఏంటక్కా అలా ఉన్నావ్?"

"తలనొప్పిరా. రోజూ ఉండేదేలే." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీకో మాట చెప్తాను, నవ్వకూడదు. మీ బావ నాతో మాట్లాడుతున్నారు."

అతనికి నవ్వెక్కడ వస్తుంది! చేతిలో పానా జారి కాలి పక్కనే పడింది. "ఎక్కడ?" అన్నాడు.

"ఈ కార్లోనే. ఇంటికెళ్లాక షెడ్డు తలుపేసుకుని, ఇంజిన్ ఆన్ చేసి, పక్క సీట్లో కూర్చుంటాను. కాసేపటికి వస్తారు. మంచి మాట ఒక్కటుండదురా. దిగు, దిగిపో అని ఒకటే కసురు. బతికున్నన్నాళ్లూ నన్ను పల్లెత్తు మాట అన్న మనిషా ఆయన? ఆ రోజు ఆసుపత్రికి తొందరగా తీసుకెళ్లలేదనేమో. నా మీద ఎందుకంత కోపమో తెలియకపోతే నాకు తిండి సహించదురా, నిద్ర పట్టదురా."

తలుపు మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి కూర్చోకూడదని వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మనిషి చెవులోడు. ఆ పూట ఆ బుర్ర ఏ గడ్డి మేయడానికి పోయిందో! బావ గొంతు మళ్ళీ వినొచ్చన్న ఆశ ఒక్కటే అతని నెత్తికెక్కింది. "పద, నేనూ వింటాను," అన్నాడు.

అక్క ఇంటి షెడ్డులో కారుకి అటూ ఇటూ మనిషి పక్కకి తిరిగి నడిచేంత జాగానే ఉంది. అక్క తలుపేసి వచ్చి పక్క సీట్లో కూర్చుంది, అతను వెనక కూర్చున్నాడు. డ్రైవర్ సీటు ఖాళీ. అక్క చెయ్యి చాచి స్టార్ట్ చేసింది. కారు మొత్తం సన్నగా వణకడం మొదలెట్టింది.

"పొగ వాసన వస్తోందే," అన్నాడు.

"రానీరా. మీ బావ ఇంటికొస్తే చొక్కా ఇదే వాసన కొట్టేది. నాకు ఇదే ప్రాణం."

ఆ మాటకి అతనూ వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. క్రమంగా తల దిమ్మెక్కింది, కాళ్లు తనవి కానట్టయ్యాయి. డ్రైవర్ సీటు తోలు కిర్రుమంది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. అప్పుడు వినపడింది.

"దిగు."

అక్క భుజాలు ముడుచుకుంది. "విన్నావా? ఎంత కోపమో చూడు," అంది ఏడుపు గొంతుతో.

తర్వాతి మాట అక్కకి వినపడలేదు. అది అతని చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా వచ్చింది.

"చూస్తావేంట్రా వెధవా! మీ అక్కని దింపు!"

ఎలా దిగాడో, షెడ్డు తలుపు ఎలా తోశాడో అతనికి తెలియదు. అక్కని చంకల కింద పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాడు. ఇద్దరూ గోడవార కూలబడ్డారు. అక్క భళ్లున వాంతి చేసుకుంది. చల్లగాలి మొహానికి తగిలాక గానీ అతని బుర్రలో దీపం వెలగలేదు. వెలిగాక లేచి, ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి ఇంజిన్ ఆపేసి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే కారుని షాపుకి తెచ్చి, ఈసారి పొగని ముందు నుంచి కాకుండా సైలెన్సర్ గొట్టంలోంచి కొట్టాడు. ఇంజిన్‌కీ టర్బోకీ మధ్య అతుకు దగ్గర సన్నటి తీగలా పొగ లేచింది. అతుకులోంచి ఏదీ కారకుండా మధ్యలో వేసే గాస్కెట్ వెంట్రుకంత చీలింది. ఐడ్లింగ్‌లో ఆ చీలికలోంచి బయటి గాలి లోపలికి దూరి సెన్సార్‌ని మోసం చేస్తోంది. పెట్రోలు చాలట్లేదనుకుని ఇంజిన్ ఇంకా ఇంకా తాగుతోంది. అందుకే ఆ వణుకు, ఆ మసి. మళ్ళీ అదే చీలికలోంచి విషపు పొగ బయటికి తన్నుకొస్తోంది. అతను చూస్తుండగానే ఆ పొగ ముందద్దం కిందికి పాకి, లోపలికి చేరి, అక్క కూర్చునే సీటు ముందు గాలి వచ్చే జాలీలోంచి మెల్లగా బయటపడింది.

అక్కని పిలిచి అంతా చూపించాడు. ఏదీ దాచలేదు.

"ఈ గాలి పీలిస్తే మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడక్కా. తలనొప్పి దీనివల్లే. లేనిపోని గొంతులు కూడా వినిపిస్తాయంటారు."

అక్క మొహం పాలిపోయింది. "అయితే ఆయన కాదా? అంతా పొగేనా?"

అవునంటే పీడా పోతుంది. కానీ చెవులోడికి నోరు రాలేదు.

"పొగైతే జోకొట్టి పడుకోబెట్టాలి గానీ, దిగిపొమ్మని ఎందుకు మొత్తుకుంటుందక్కా? నిన్న నన్ను కూడా తిట్టాడు, నిన్ను దింపమని. నా చెవులారా విన్నాను."

అక్క ఆ జాలీ మీద చెయ్యి ఆనించింది. "అయితే కోపం కాదన్నమాట," అంది.

"కోపమా! నువ్వేమైపోతావోనని హడలిపోయాడే పిచ్చిదానా."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చెవులోడూ ఏడ్చాడు, సిగ్గు లేకుండా. చివరికి కళ్లు తుడుచుకుని అక్క అడిగింది.

"ఇది బాగుచేస్తే ఇక మాట్లాడరు కదూ?"

కావాలంటే వదిలేస్తానని అనలేడు, వదిలేస్తే అక్క దక్కదు.

"మార్చెయ్‌రా," అంది అక్క.

కొత్త గాస్కెట్ వేసి బిగించేసరికి మధ్యాహ్నమైంది. స్టార్ట్ చేస్తే బానెట్ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు కదల్లేదు. షాపు షట్టర్ పూర్తిగా ఎత్తి, కారు అద్దాలన్నీ దించి, అక్క పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకుంది. వీధిలో ఎండ వెలుగుతోంది. చెవులోడు కిటికీ దగ్గర నిలబడి ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఏమైనా అన్నాడా?" అని ఆగలేక అడిగాడు.

"లేదురా," అంది అక్క, తల సీటుకి ఆనించి. "ఇవాళ కూర్చోనిస్తున్నారు."