పచ్చకారు పరువు

మా ఇంట్లో ఎవరు ఎక్కడికి ఆలస్యంగా వెళ్ళినా పాపం పచ్చకారు నెత్తినే పడేది. నాన్న వదిలి వెళ్ళిన కారు అది. ఇంజన్ వెనకాల, డిక్కీ ముందు, పైన తాబేలు వీపు. రేడియేటర్ మరిగి దారిలో ఆగిపోతుందని ఇరవై రెండేళ్ళుగా దాని మీద ఒకటే నింద. మా బావ దానికి 'ఆవిరి మహారాణి' అని పేరు కూడా పెట్టాడు.

ఆ ఆదివారం సాయంత్రం కారును తూకానికి తీసుకెళ్ళడానికి పాత ఇనుము కొనేవాడు వస్తానన్నాడు. మా అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆమె మిషన్లు నాలుగూ వరండాలో వానజల్లుకు తడుస్తున్నాయి. వాటికి కారు షెడ్డు కావాలి. న్యాయమే. కానీ ఆ కారులో తలుపు వేసుకుని కూర్చుంటే తప్ప నా మనసులో ఏముందో నాకు తెలియదు. ఈ మాట ఇంట్లో అంటే నవ్వుతారు. అందుకే కారు తరఫున సాక్ష్యానికి మెకానిక్‌ను పిలిపించాను.

గేటు దగ్గరే అతనికి పాఠం చెప్పాను. "ఎప్పుడూ పెద్ద రిపేరు రాలేదని చెప్పు, చాలు. రేడియేటర్ ఊసెత్తకు."

"లేనిదాని ఊసు నేనెందుకెత్తుతాను సార్?"

"అదే. లేదని కూడా అనకు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు.

నిజానికి ఆ కారుకు రేడియేటర్ లేదు. గాలితోనే చల్లబడే ఇంజన్ అది. ఇంట్లో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. తెలిసీ ఆ అబద్ధం మొట్టమొదట ఆడింది నేనే. తక్కినవాళ్ళు దాన్ని నా దగ్గర నేర్చుకున్నారు. బావ తొలిసారి వాడినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమేసింది. అతనిది బయటపడితే నాదీ బయటపడుతుంది. అలా అతనికి తెలియకుండానే అతని అబద్ధానికి ఇన్నేళ్ళు కాపలా కాశాను.

భోజనాలయ్యాక విచారణ మొదలైంది.

"ఫ్యాన్ బెల్టు రెండుసార్లు మార్చాను. ఆయిల్ మారుస్తుంటాను," అన్నాడు మెకానిక్. "అంతకుమించి ఈ బండికి జలుబు కూడా చెయ్యలేదమ్మా."

బావ లేచి నిలబడ్డాడు. "ఏమోయ్ బావమరిదీ, ఇతన్ని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావ్? మీ అక్క పుట్టినరోజునాడు రెండు గంటలు నడిరోడ్డు మీద నిలబడ్డాను. ఇదిగో, ఈ చేతుల్తో రెండు బిందెల నీళ్ళు పోశాను!"

మెకానిక్ నావైపు చూశాడు. కళ్ళతోనే బతిమాలాను. కానీ పనివాడికి పౌరుషం అనేదొకటి ఉంటుంది.

"ఎక్కడ పోశారు సార్?"

"ఎక్కడేంటయ్యా! ముందు బానెట్ ఎత్తి!"

"ముందుండేది డిక్కీ కదండీ. స్టెప్నీ మీద పోశారా?"

అక్క పళ్ళెం తుడవడం ఆపేసింది.

"ఈ బండికి అసలు రేడియేటరే లేదమ్మా," అన్నాడు మెకానిక్ తల వంచుకుని.

"ఓహో," అంది అక్క. "అయితే ఆవేళ పేకాట క్లబ్బులో పోశారన్నమాట ఆ రెండు బిందెలూ."

"నువ్వేం తక్కువ తిన్నావా? మా అమ్మ ఆపరేషన్‌నాడు బండి తీసుకుని బయల్దేరి, సాయంత్రం దాకా ఆసుపత్రికి రాలేదే! అప్పుడేం మరిగింది?"

అక్క తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

నేను గెలుస్తున్నాను. కారు మీది మచ్చలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. అప్పుడు నా భార్య మెల్లగా అడిగింది.

"ఏమండీ, పెళ్ళైన కొత్తలో నేను రైలు దిగి మూడు గంటలు మీకోసం కూర్చున్నాను. అప్పుడు కూడా రేడియేటర్ అనే చెప్పారుగా?"

నోటిదాకా వచ్చింది, స్పార్క్ ప్లగ్గులు పోయాయని. ఆ ఒక్క మచ్చ కారు మీద మిగిలితే చాలు, సాయంత్రానికి అది తూకానికి వెళుతుంది. నా పరువు మాత్రం దక్కుతుంది. ఏ మాటకామాటే చెప్పాలి, ఒక్క క్షణం నేను ప్లగ్గుల వైపే మొగ్గాను.

"కారు ఆగలేదు," అన్నాను. "నేనే ఆపాను. స్టేషన్ పక్కవీధిలో."

"ఎందుకు?"

"నువ్వొస్తే ఇక జీవితాంతం ఇంట్లో నేనొక్కణ్ణే ఉండను కదా. అది తలుచుకుంటే కారు దిగబుద్ధి కాలేదు."

"తెలుసు," అంది. "స్టేషన్ మెట్ల మీద నుంచి ఆ వీధి కనపడుతుంది. అద్దంలో చూసుకుంటూ ఏడుసార్లు తల దువ్వుకున్నారు."

"మరి పిలవలేదే?"

"పిలిస్తే ఎవరైనా వస్తారు."

అక్క పళ్ళెం బల్ల మీద పెట్టి తీర్పు చెప్పింది. "నోరులేని బండిని ఇనుముకేసి, నోరున్నవాళ్ళని ఇంట్లో ఉంచుకుంటామా? షెడ్డు దానిదే. మిషన్లు ఈయనగారి పగటినిద్ర గదిలోకి."

"అదేమిటే! మరి నేనెక్కడ పడుకోను?"

"నడిరోడ్డు మీద నిలబడ్డం అలవాటేగా. ముందు ఆ మంచం తీయండి."

ఇనుము కొనేవాణ్ణి గేటు దగ్గరే పంపేశాం. నేను షెడ్డులోకి వెళ్ళి కారులో కూర్చున్నాను. నా వెనకే వచ్చి నా భార్య పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"ఇప్పుడు చెప్పండి. ఆ మూడు గంటలూ ఏం ఆలోచించారు? ఒక్కటీ వదలొద్దు."

మొదటి అరగంట కూడా పూర్తికాలేదు, బావ కుట్టుమిషన్‌ని గుండెలకు హత్తుకుని, చెమటలు కక్కుతూ షెడ్డు ముందుకొచ్చాడు.

"ఏమోయ్, కాస్త ఓ చెయ్యి వెయ్యవోయ్!"

నా భార్య అద్దం నాలుగు వేళ్ళంత దించింది.

"మేం ఇంట్లో లేం అన్నయ్యా," అంది, అద్దం మళ్ళీ ఎత్తేస్తూ.