పొద్దున ఆ దారిన వచ్చినవాడు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున తిన్నది ఉడికించిన గుడ్లు, మాడిన రొట్టె. రొట్టె ఎందుకు మాడిందో కూడా పెద్దాయనకు బాగా గుర్తు. పొయ్యి దగ్గర నిలబడ్డ కొడుకు కళ్ళు పెనం మీద లేవు, ఫోను మీద ఉన్నాయి.

"మళ్ళీ కాల్పులట నాన్నా. సరిహద్దులో. ఏడుగురు పోయారట."

"ఏ సరిహద్దురా?"

"ఆ దేశానిదే."

"ఏ దేశానికైనా నాలుగు వైపులా సరిహద్దే కదా. ఏ వైపు?"

కొడుక్కి వార్త తెలుసు, దిక్కు తెలియదు. వారం రోజులుగా ఇంట్లో ఇదే భాగోతం. కోడలు డయాలసిస్ యంత్రాలు బాగుచేసే ఇంజనీరు. గొడవల్లో ఉన్న ఆ దేశంలో ఒక ఆసుపత్రిలో ఆరు యంత్రాల్లో నాలుగు మూలపడ్డాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవలసినవాళ్ళు ఒక్కసారితో సరిపెట్టుకుంటున్నారు. విమానం ఆదివారం. కోడలు వెళ్తుందో లేదో ఈ సాయంత్రం ఆరులోపు సంతకం పెట్టి చెప్పాలి. అందుకే భార్యాభర్తలిద్దరూ సెలవు పెట్టి మరీ వాదించుకుంటున్నారు.

కొడుకు వద్దంటాడు. కోడలి ఆఫీసులో సేఫ్టీ ఆఫీసరు ఏమీ కాదంటాడు. ఇతని దగ్గర వార్తలున్నాయి, అతని దగ్గర ఒక ఫారం ఉంది. అందులో ఇరవై ప్రశ్నలు. మొత్తం మార్కులు పదిహేను దాటితే ప్రమాదం, లోపైతే క్షేమం. కోడలికి పదహారు వచ్చాయి. "మంచినీళ్ళు దొరుకుతాయా అన్నచోట ఇంకోసారి ఆలోచించండి మేడమ్, పద్నాలుగుకి దిగుతుంది," అని తనే దిద్దేశాడట.

"నీళ్ళసీసా కొనుక్కుంటే తూటా తగలదన్నమాట," అంది కోడలు గుడ్డు పెంకు ఒలుస్తూ.

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వక ఏం చెయ్యమంటావు? వెళ్తే చస్తానని నువ్వు, వెళ్తే ఏం కాదని ఆయన. దిగాక ఏం జరుగుతుందో ఒక్కరూ చెప్పరు."

పెద్దాయన విసుగ్గా పళ్ళెం పక్కకు నెట్టాడు. ముప్పై ఒక్కేళ్ళు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసిన మనిషి. బస్సు వదలాలా ఆపాలా అని తేల్చడమే ఉద్యోగం. ఎక్కడ వరదొచ్చినా, ఎక్కడ గొడవైనా పైఆఫీసుది ఒక మాట, రేడియోది ఒక మాట. ఆయన రెండూ విని, గేటు దగ్గరికి వెళ్ళి, ఆ పొద్దున ఆ దారినే వచ్చిన డ్రైవరు కోసం చూసేవాడు. అతను టీ తాగుతూ చెప్పే నాలుగు ముక్కల మీదే బస్సు కదిలేది, లేదా ఆగేది.

"అమ్మా, విమానం దిగాక ఆసుపత్రికి ఎలా వెళ్తావు?"

"వాళ్ళ అంబులెన్స్ వస్తుంది మామయ్యా."

"దాని డ్రైవరుతో ఎవరైనా మాట్లాడారా?"

కోడలు కొడుకు వైపు చూసింది. కొడుకు ఫోను వైపు చూశాడు.

ఆ ఆసుపత్రి నర్సును ఫోనులో పట్టుకుని డ్రైవరు నంబరు సంపాదించేసరికి మధ్యాహ్నమైంది. ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు వేశారు. అతనిది వచ్చీరాని ఇంగ్లీషు. కోడలు విని తెలుగులో చెప్పసాగింది.

"ఇవాళ ఎయిర్‌పోర్టు దారిన వచ్చాడేమో అడుగు."

"పొద్దున్నే వచ్చాడట. దారి బాగానే ఉందట, ఆసుపత్రి దగ్గరా గొడవేం లేదట. మధ్యలో ఒక వంతెన ఉంది. సాయంత్రం ఐదింటికి సైనికులు మూసేస్తారట."

"మూశాక వచ్చిన బండి సంగతి?"

జవాబు పొడుగ్గా వచ్చింది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది. "తెల్లారేదాకా అక్కడే ఆగాలి, లైట్లు ఆర్పేసి. బండ్లు దోచుకునేది అక్కడేనట. పోయిన నెల వీళ్ళ ఇంకో డ్రైవరుకి తూటా తగిలిందట."

"నీ విమానం దిగేదెప్పుడు?"

"సాయంత్రం ఆరున్నరకి."

డ్రైవరు ఇంకేదో అన్నాడు. "పొద్దున దిగితే తనే వస్తాడట. చీకటి పడితే రాడట. ఏమనుకోవద్దంటున్నాడు, పిల్లలున్నారట."

రానని చెప్పిన ఆ మనిషి మీద పెద్దాయనకు ఎక్కడలేని గౌరవం పుట్టింది. వారం రోజుల్లో ఆ ఇంట్లో వినపడ్డ మొదటి నికార్సయిన మాట అది.

కోడలు ఫోను చేస్తే సేఫ్టీ ఆఫీసరు మాత్రం తన పాటే పాడాడు. "అప్రూవల్ ఆ విమానానికే వచ్చింది మేడమ్. ఆదివారం చేరుకుంటే సోమవారం పనిదినం పోదని మన రూలు."

"మరి వంతెన గురించి ఏ గడిలో రాయను?"

"వంతెనకి గడి లేదు మేడమ్."

"అయితే ఆ విమానానికి నేను రాను. పొద్దున దిగేదైతే వెళ్తాను."

"అలాగైతే వేరేవాళ్ళని పంపాల్సొస్తుంది."

"పంపండి. వాళ్ళకైనా ఐదింటికే మూస్తారు."

సంతకం చేయాల్సిన చోట, పొద్దున దిగే విమానమైతేనే వెళ్తానని రాసి పంపేసింది. ఆరయింది. ఏడయింది. ఫోను పలకలేదు. "పీడ విరగడైంది," అన్నాడు కొడుకు, వారం తర్వాత మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలుతూ. "వారానికి ఒక్కసారి అంటే కాళ్ళు వాచిపోతాయి," అంది కోడలు, ఎవరితోనో తెలియకుండా. కొడుకు మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు.

ఎనిమిదింటికి ఆఫీసరే ఫోను చేశాడు. ఆ యంత్రం తెలిసినవాళ్ళు ఇంకెవరూ దొరకలేదట. "సోమవారం పొద్దున ఏడింటికి దిగేది ఇచ్చాం మేడమ్. ఫారం మాత్రం పాతదే ఉండనివ్వండి. పైవాళ్ళకి పద్నాలుగు కనపడితే చాలు."

"ఇప్పుడు క్షేమమేనా నాన్నా?" అన్నాడు కొడుకు వెటకారంగా.

"కాదురా. నిన్నటికంటే నయం, అంతే." పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "రోజూ పొద్దున ఆ డ్రైవరుని అడుగు. అతను వెళ్ళిపొమ్మంటే వచ్చెయ్యాలి. పని సగంలో ఉన్నా సరే."

ఆమె చూపు పక్కకు తిప్పుకుంది. అదే పెద్దాయనను భయపెట్టింది. బస్సు గేటు దాటాక బ్రేకు మీద కాలు డ్రైవరుదే, కంట్రోలరు మాట అక్కడిదాకా చేరదని ఆయనకు తెలుసు.

"సగంలో ఉన్నా వచ్చేస్తాను మామయ్యా," అంది చివరికి, కళ్ళలోకి చూసి.

పది దాటాక ఆయన మంచినీళ్ళకు లేచాడు. వాళ్ళ గదిలో దీపం వెలుగుతోంది. కోడలు పనిముట్లు గుడ్డల్లో చుట్టుకుంటోంది. కొడుకు ఇంకా సణుగుతూనే ఉన్నాడు, కానీ ఆమె స్వెటర్లు మడతపెడుతూ సణుగుతున్నాడు. అది చాలనిపించింది. పెద్దాయన వాళ్ళ గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.