ఆడనే ఉండు

నాయన వచ్చినట్టుండాడే అనుకొంది ఉలిగమ్మ, బోర్డు మీద ఏడో ఎక్కం రాస్తున్నదల్లా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది, కిటికీలోంచి వాసన వచ్చి ముక్కుకు తగిలింది, కిరసనాయిలూ కుళ్ళిన వెల్లుల్లీ కలిపినట్టు ఘాటుగా, శెనక్కాయ చేన్లో పురుగుల మందు కొట్టి పొద్దుగుంకే వేళకు ఇంటికొచ్చే నాయన వాసన, ఎన్నేళ్ళయిందో ఇంత దగ్గరగా వచ్చి, ధర్మవరం నుంచి పెనుకొండకు రోజూ బస్సులో వచ్చేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఏ చేన్లోనో ఎవరో మందు కొడుతుంటే అది ఇట్లా వచ్చి అట్లా పోయేది, పక్కసీటు వాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని ఆ అద్దం మూయమ్మా తల్లీ అని విసుక్కుంటే తను మాత్రం ఊపిరి లోపలికి లాగి, వదలకుండా, రెండు కరెంటు స్తంభాలు దాటేదాకా పట్టుకొనేది, నాయనది ఒక్క ఫోటో కూడా సరైంది లేదు, రేషన్ కార్డు మీద మసక బొమ్మ తప్ప, పోతులయ్య అనే మనిషి ఈ లోకంలో ఉండి పోయినాడనడానికి తన దగ్గర మిగిలింది ఈ వాసనొక్కటే, కళ్ళు మూసుకొని ఇంకొంచెం పీల్చింది, ముందు బెంచీలో పుష్ప దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఉలిగమ్మ కళ్ళు తెరిచింది, నాయన పోయినాడు, ఇది బడి, మరి ఈ వాసన ఈడికెట్ల వచ్చింది.

స్టోర్ రూమ్, ఇంకెక్కడ, పిల్లల భోజనం బియ్యం మూటలుండే గది, పిల్లలూ అందరూ వేపచెట్టు కిందికి పోండి, సంచులు ఈడనే పెట్టండి, పరిగెత్తొద్దు, గేటు పక్కకే ఉండండి అని కేకలేస్తూ వరండాలోకి ఉరికింది ఉలిగమ్మ, అయినా ఆ గదిలో ఇప్పుడు బొద్దింకలు ఎన్నున్నాయని, వంట చేసే కదిరమ్మా తనూ కలిసి గోడ పగుళ్ళకు సిమెంటు పూసిరి, కారే కుళాయి బాగు చేయించిరి, బియ్యానికి మూతలున్న డబ్బాలు అడిగి అడిగి, రాకపోతే మూటలు బల్ల మీదికెక్కించి, మూలల్లో జిగురు అట్టలు పెట్టిరి, మొదట్లో నల్లగా అంటుకొనేవి, నిన్న చూస్తే ఒకటో రెండో, ట్రైనింగులో చెప్పింది అదే కదా, తిండీ నీళ్ళూ దాక్కొనే సందూ లేకుండా చేస్తే సగం పురుగులు వాటంతటవే పోతాయి, మందు ఆఖరి మాట, అదీ పిల్లలు లేని రోజున, ముందుగా తల్లిదండ్రులకు చెప్పి, తర్వాత గది కడిగి, గాలి బాగా ఆడనిచ్చి, అందుకే కదా పురుగుల మందు కొట్టే ఈ చంద్రమోహన్‌ని ఆదివారం రమ్మనింది, ఈరోజు శుక్రవారం, గది ముందర వీపున డబ్బా తగిలించుకొని వాడు, వాడి ముందర నడుమున చేతులు పెట్టుకొని కదిరమ్మ, ఏమబ్బా, బొద్దింకలకు కొడ్తాండావా మా పిలకాయలకు కొడ్తాండావా, ఎసరు పెట్టినానబ్బా నేను, నీ ఇంట్లో కూడా ఇట్లే పొయ్యి మీద కొడ్తావా, వాడు నవ్వుతాడు, అక్కా, ఆదివారం ధర్మవరంలో కల్యాణ మంటపం ఒప్పుకొన్నా, సారే ఈ పొద్దు పొమ్మన్నాడు, ఇది ఏమీ చెయ్యదులేక్కా, పాలమాదిరి ఉంటాది.

పాలమాదిరి, ఆ మాట అనొద్దు నువ్వు, ఆపు ముందు అంటూనే ఫోన్ చేసింది, హిందూపురంలో మీటింగులో ఉన్న హెడ్మాస్టరు అశోక్ సారు గొంతు తగ్గించి, ఏందమ్మా ఉలిగమ్మా, సోమవారం ఆఫీసరు వస్తాడు, ఆయన ముందర ఒక్క బొద్దింక నడిచిందనుకో నా ఉద్యోగం నడుస్తాదా, పిల్లోళ్ళను అరగంట బయట ఆడించు, అంతే కదా, అరగంటలో పోదు సార్, బియ్యం ఆడనే ఉండాది, అయితే ఏమంటావు, ఆపిస్తాండా సార్, ఆఫీసరుతో మాట ఎవరు పడతారు, నేనే సార్, అని పెట్టేసింది, ఉద్యోగం తనకూ ఒక్కటే, వెనక్కి తిరిగేసరికి ఆ చంద్రమోహన్ లోపలికి దూరి, ఈ ఒక్క మూలక్కా, కలిపిన మందు పారబోస్తే పాపం కదా అంటూ కొడుతూనే ఉన్నాడు, ఉలిగమ్మ లోపలికి దూకి ఆ గొట్టం పట్టుకొని లాగింది, మొన నుంచి బొట్లు కాదు ధారే పడింది, మోచేతి మీద, కుచ్చిళ్ళ మీద, చల్లగా.

చల్లగా, తలుపు వారగా, చిన్నప్పుడు నాయన ఎప్పుడూ తలుపు బయటే, హిందూపురం పక్కన పల్లెలో పట్టుపురుగులు మేపే ఇల్లది, చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కోందే ఎవ్వరూ షెడ్డులోకి రాకూడదు, అగరొత్తి వెలిగించకూడదు, పౌడరు పూసుకోకూడదు, నాలుగోసారి కుబుసం విడిచి, నాలుగో జ్వరం దాటిన పురుగులు మల్బరీ ఆకు తింటుంటే చిన్న వాన పడుతున్నట్టు చప్పుడు, ఆ వానలో అమ్మా తనూ ఆకు వేస్తుండగా బయట నాయన అడుగుల చప్పుడు, నాయనా అని తను పరిగెత్తడం, ఆయన వాకిట్లో నిలబడి అరచెయ్యి ఎత్తడం, రావాకు, ఆడనే ఉండు, ముట్టుకోవాకు, నీళ్ళు పోసుకొని వస్తా, ఊళ్ళో ఎవరి చేనైనా కూలికి మందు కొట్టేవాడు ఆయన, ఒంటి మీద చొక్కా లేకుండా, మూతికి ఒక తువ్వాలు చుట్టుకొని, ఆ చేతుల్తో ముట్టుకొన్న పిల్ల వెళ్ళి ఆకు ముట్టుకొంటే ఆ ఆకు తిన్న పురుగులన్నీ తలలు వేలేసి పచ్చటి నీళ్ళు కక్కి చస్తాయి, ఎదురింటోళ్ళ పంట అట్లే పోయింది, కాబట్టి చెయ్యెత్తినాడు, అర్థమైంది తనకు, అర్థమై కూడా లోపల ఎక్కడో ముల్లు, పురుగులంటే ఉన్న ప్రేమ నా మీద లేదు నాయనకు, మూడో ఆడపిల్లను కదా నేను, పక్కింటి గంగక్కను వాళ్ళ నాయన భుజం మీద ఎక్కించుకొని తిరుగుతుంటే గోడ మీద నుంచి చూడడం, ఆ చూపు ఇప్పటికీ పోలేదు, పెండ్లయినా పోలేదు, తన కొడుకును మొగుడు ఎత్తుకొన్నప్పుడల్లా మళ్ళీ ఆ గోడ మీదికి ఎక్కి చూసేది.

కిటికీలు తెరువు కదిరమ్మా, వద్దు, నువ్వు రావద్దు, నేనే తెరుస్తా, ఈ గదిలో బియ్యం ముట్టుకోవద్దు, ఆ ఎసరు కూడా పారబొయ్యి, చంద్రమోహన్ డబ్బా దించి తల గోక్కుంటూ నిలబడ్డాడు, మరి పిలకాయలు ఆకలితో పోవల్నా అక్కా అంటోంది కదిరమ్మ, అరటిపండ్లూ బన్నులూ తెప్పిస్తా, దుడ్ల సంగతి నేను చూసుకొంటా, ఏమప్పా చంద్రమోహన్, ఈ కలిపింది ఏం చేస్తావో గానీ మా బడి కాలవలో పోసినావంటే ఊరుకోను, వాడు చేతులు జోడించి, నువ్వు టీచరువా పోలీసువా అక్కా, అని గొణిగినాడు, కదిరమ్మ పకపక నవ్వింది, ఉలిగమ్మకు నవ్వు రాలేదు, కుచ్చిళ్ళు కాళ్ళకు అతుక్కొంటున్నాయి, ఆ వాసన ఇప్పుడు తన ఒంటి మీదే ఉంది, ఇంత కాలం బస్సు కిటికీలోంచి వెదుక్కొన్నది, నాయనే తనలోకి దిగివచ్చినట్టు, గొంతులో మంట, కళ్ళలో నీళ్ళు, అవి మందుకో నాయనకో తెలియలేదు.

గురుకులంలో సీటు వచ్చిన రోజు కూడా ఇట్లే కళ్ళలో నీళ్ళు, పోస్టు కార్డు చేతిలో పట్టుకొని సాయంత్రం దాకా వాకిట్లోనే కూర్చుంది, నాయన డబ్బా మోసుకొని మలుపు తిరగ్గానే పరిగెత్తింది, ఈ ఒక్క పొద్దన్నా ఎత్తుకొంటాడు, తప్పకుండా ఎత్తుకొంటాడు, ఆయన ఆగిపోయి చెయ్యెత్తినాడు, రావాకు, ఆడనే ఉండు, నీళ్ళు పోసుకొని వస్తా, తను కార్డును వాకిట్లో పడేసి ఇంట్లోకి పోయి దుప్పటి కప్పుకొంది, ఆయన నీళ్ళు పోసుకొని వచ్చి ఉలిగమ్మా, ఉలిగమ్మా అని పిలుస్తుంటే నిద్రపోయినట్టు పడుకొంది, తడి చెయ్యి ఒకటి దుప్పటి మీద కాసేపు ఆని తొలగిపోయింది, వారం తిరక్కుండానే హాస్టల్, ఆ తర్వాత సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన దగ్గు చప్పుడే వినబడేది, ఇంకొన్నేళ్ళకు అదీ లేదు.

టీచర్ అని అరుపు, వేపచెట్టు కింది నుంచి పుష్ప, వాళ్ళవ్వ పేరు పెట్టుకొన్న రెండో తరగతి పుష్ప, టీచర్ ఏడుస్తాండావా అని చేతులు చాపుకొని దూసుకొస్తోంది, ఈ పిల్లకు ఎవరు కనబడినా నడుము వాటేసుకోవడం అలవాటు, ఇంకో నాలుగు అడుగులు, ముఖం సరిగ్గా ఈ కుచ్చిళ్ళ మీద ఆనుతుంది, ఉలిగమ్మ అరచెయ్యి దానంతటదే లేచింది, రావాకు, ఆడనే ఉండు, ముట్టుకోవాకు, నీళ్ళు పోసుకొని వస్తా, బడిలో ఎన్నడూ రాని ఊరి మాట, తన గొంతు కాదు అది, నాయన గొంతు, పిల్ల గక్కున ఆగింది, పెదవి వణికింది, చూపులో అదే ముల్లు, ఈ పిల్ల అనుకొంటుంది టీచరుకు నేనంటే ఇష్టం లేదని, ఇష్టం లేక కాదే తల్లీ, నిన్ను ముట్టుకోవాలని ఈ చేతులు ఎట్లా లాగుతున్నాయో నీకేం తెలుసు, లేచిన చెయ్యి అట్లే గాల్లో ఉండిపోయింది, షెడ్డు, సీటు కార్డు వచ్చిన ఆ పొద్దు షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల మేకలు కట్టేసి ఉన్నాయి, అంతకు ముందు ఏడాదే పట్టుగూళ్ళకు ధర పడిపోయి అమ్మ తట్టలూ, పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలూ అన్నీ అమ్మేసింది, వాన చప్పుడు ఆగిపోయి అప్పటికే ఏడాది, ఆ ఇంట్లో కాపాడాల్సిన పట్టుపురుగు ఒక్కటి కూడా లేదు, అయినా నాయన చెయ్యెత్తినాడు.

ఆడనే ఉండు పుష్పా, పోవాకు, సబ్బుతో కడుక్కొని, కదిరమ్మ ఇంటి నుంచి చీర తెప్పించి మార్చుకొని వస్తా, వచ్చి ఎత్తుకొంటా అంది ఉలిగమ్మ, కుళాయి వైపు నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, ఆ పిల్ల ముక్కు తుడుచుకొంటూ నిలబడే ఉంది, కదల్లేదు, నాయన కూడా నీళ్ళు పోసుకొనే వచ్చినాడు, ఎత్తుకొనేదానికే వచ్చినాడు.