ఆరు కాళ్ళ విమానం

మా ఇంటి ఓనరు పిన్నిగారి కుడి చెవి పర్మనెంటుగా సెలవులో ఉంటుంది. గది అద్దెకి అడగబోయిన రోజు "ఏం చేస్తుంటావు నాయనా?" అంటే, "సిమ్యులేటర్‌లో పని పిన్నిగారూ" అన్నాను. "సిమ్ములా!" అని ఆవిడ సంబరపడిపోయి, లోపల్నించి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "వారం రోజులై మూగనోము పట్టింది, చూడు." నేను విమానాల గురించి చెప్తాను, ఆవిడ సిగ్నల్ గురించి చెప్తుంది. చివరికి ఫోన్ పలికింది, నాకు గది దొరికింది. అది మొదలు ఆ వీధిలో ఎవరి ఫోన్ మోగకపోయినా మోగేది నా తలుపే. ఎనిమిదేళ్ళయింది. సరిదిద్దలేదు. ఏదో ఒక పేరు చెప్పి తలుపు తట్టేవాళ్ళుంటే చాలదూ?

నా అసలు పని ఇది. ఊరి చివర పెద్ద షెడ్డు. అందులో ఆరు ఇనుప కాళ్ళ మీద ఇల్లంత తెల్ల పెట్టె. లోపల అచ్చం విమానం ముందుభాగం. రెండు సీట్లు, గోడంతా మీటలు, అద్దాల్లో బొమ్మ ఆకాశం. పైలట్లు ఏడాదికి రెండుసార్లు ఇందులో కూర్చుని పరీక్ష ఇవ్వాలి. ఇంజను తగలబడుతుంది, ఎవరి మీసమూ కాలదు. విమానం నడపాలంటే పెట్టి పుట్టాలంటారు. నేను పెట్టెలో పడ్డాను.

యంత్రాన్ని బాగుచెయ్యడం నా ఉద్యోగం. రోజూ పొద్దున్నే పైలట్లు రాకముందు నేనొక్కణ్ణే దాన్ని ఎగరేసి, ఒక చుట్టు తిప్పి, దింపి, అంతా బాగుంటే పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాకే మిగతావాళ్ళు ఎక్కాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే. అందరూ నేల విడిచి సాము చెయ్యకూడదంటారు. నేను నేల విడవకుండానే సాము చేస్తున్నాను. కొందరు కెప్టెన్ల కన్నా ఎక్కువసార్లే దిగుంటాను. వాళ్ళు దిగితే వెనక జనం చప్పట్లు కొడతారు. నేను దిగితే మిగిలేది దిగులే. వెనక్కి తిరిగితే తలుపూ, దాని పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరూ. ఒక్కోరోజు "ప్రయాణికులకు విజ్ఞప్తి, మనం క్షేమంగా దిగాం" అని నాకు నేనే చెప్పుకుని, మైకు ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంటాను.

పైలట్లు నన్ను కరెంటాయన అంటారు. "కరెంటాయనా, ఏసీ పెంచు." "కరెంటాయనా, ఈ సీటు ముందుకి జరగదేం?" ఒకసారి ఒకతనికి "ముక్కు కాస్త ఆలస్యంగా ఎత్తుతున్నారండీ" అని చెప్పాను. "మీది ఏ ఎయిర్‌లైన్స్ సార్?" అన్నాడతను. "మాది వైర్‌లైన్స్ అండీ" అన్నాను. గొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. ముందు మనమే నవ్వేస్తే ఎదుటివాడి నవ్వు అంతగా తగలదు. అది నేను కనిపెట్టిన సీటు బెల్టు.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా తప్ప నాకు పట్టాలేమీ లేవు. "పట్టాలు రైలుకి కావాలి గానీ విమానానికెందుకే అక్కా" అని ఫోన్లో అంటే, మా అక్క నవ్వింది. "అది సరే గానీ, నీ మాటకి అక్కడెవరైనా నవ్వుతారా, నీకు నువ్వే నవ్వుకుంటావా?" అంది. లైను కట్టయిందని చెప్పి పెట్టేశాను.

ఆ మంగళవారం పదింటికి ఒక అమ్మాయి పరీక్షకొచ్చింది. పాతికేళ్ళుంటాయి. అంతకుముందు రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే కంపెనీ ఇంటికి పంపేస్తుందని మేనేజరు చెప్పగా విన్నాను. షెడ్డులోకొచ్చి నాకు "గుడ్ మార్నింగ్ అంకుల్" చెప్పి మరీ ఎక్కింది. పరీక్ష పెట్టేది పెద్ద కెప్టెను. తెల్ల మీసం, ఇరవై వేల గంటల అనుభవం, ఇస్త్రీ చేసిన మొహం.

పెట్టె కదులుతుంటే నేను బయట కటకటాల దగ్గర నిలబడి కాళ్ళు చూస్తుంటాను. లోపలివాళ్ళు అద్దాల్లోంచి చూసేది నాకు కాళ్ళల్లో కనిపిస్తుంది. నడిపేవాడు కంగారుపడితే ముందు కాళ్ళు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతాయి. బాగా దింపితే ఆరు కాళ్ళూ ఒక్కసారిగా వంగి నమస్కారం పెడతాయి. అమ్మాయి చక్కగానే దిగుతోంది. ఇంకేముంది, నేల తగులుతుందనగా వెనక ఎడమ కాలు చిన్నగా చీదినట్టు ఎగిరింది. సెకన్లు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దభీమని పడింది.

రెండోసారి వచ్చింది. కాలు ఎగిరింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దభీ. మూడోసారీ అంతే, అదే కాలు, అదే నాలుగు.

మనిషన్నవాడు ఒకే తప్పు మూడుసార్లు చెయ్యొచ్చు. కొలిచినట్టు ఒకే చోట చెయ్యలేడు. అంత ఖచ్చితంగా తప్పులు చేసేది యంత్రమే.

పెట్టె ఆగింది. అమ్మాయి ఎర్రబడ్డ కళ్ళతో దిగింది, వెనకే కెప్టెను. వాళ్ళు మేడ మీద గదిలోకెళ్ళగానే నేను లోపలికెళ్ళాను. పైలట్ల వెనక పరీక్షాధికారి కూర్చునే చోట ఒక తెర ఉంటుంది. వానా, గాలీ, మంటా అన్నీ అక్కణ్ణించే తెప్పిస్తారు. మొదటి పేజీలో గాలి సున్నా. రెండో పేజీ తిప్పాను. అక్కడుంది దొంగ! "వంద అడుగుల ఎత్తుకు రాగానే వెనకగాలి, రెండు సెకన్లు." పొద్దున్న ప్రాక్టీసుకొచ్చిన బ్యాచ్ మాస్టారు పెట్టి, తీసెయ్యడం మర్చిపోయి వెళ్ళిపోయారు. దేన్నీ ముట్టుకోకుండా తలుపుకి అడ్డంగా టేపు అంటించి మేడెక్కాను.

"సార్, ఒక్క మాట."

"ఏసీ బానే ఉందయ్యా" అన్నాడు కెప్టెను తలెత్తకుండా.

"ఏసీ కాదు సార్. గాలే గానీ వేరే గాలి. ఈ అమ్మాయి తప్పు కాదు."

"నువ్వు లోపలున్నావా?"

"బయటే సార్."

"బయటుండి ల్యాండింగ్ ఎలా చూశావు?"

"కాళ్ళు చూశాను సార్."

కెప్టెను పెన్ను మూత పెట్టాడు. "ఎవరి కాళ్ళు?"

అమ్మాయి నవ్వలేదు. ఇంకెప్పుడైనా అయితే నేనే నవ్వించేవాణ్ణి. విషయం చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపి, సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందుకి తోశాడు. "అభ్యంతరం ఉంటే రాసివ్వాలి. ఇక్కడ లైసెన్సు నంబరు వెయ్యాలి. నీ నంబరెంత?"

నోట్లోంచి జోకు రాలేదు.

"నంబరుంటే పట్రా, మాట్లాడదాం."

మెట్లు దిగుతుంటే వెనక తలుపు మూసిన చప్పుడు వినిపించింది. కింద బల్ల మీద నా పుస్తకం తెరిచే ఉంది, పొద్దున్న పెట్టిన సంతకంతో. చాలాసేపు చూశాను. అందులో లైసెన్సుకి గడి లేదు. సంతకానికే ఉంది. పెన్ను తీసి రాశాను: "పది నుంచి పదీ నలభై వరకు యంత్రంలో ఎవరూ కోరని గాలి. పరీక్షకి పనికిరాదు." కింద సంతకం. ఆ గీత పడిందంటే రూలు ప్రకారం అయిన పరీక్ష చెల్లదు, ఇంకా అవ్వాల్సినవి మొదలవ్వవు.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏం రాశావయ్యా బాబూ! తర్వాతి ముగ్గురు పైలట్లూ టీ తాగుతూ కూర్చున్నారు. కొట్టెయ్ ముందు."

"కొడితే నన్ను కొట్టండి సార్. దాన్ని కొట్టను."

"ఇప్పుడు కూడా వేళాకోళమేనా? ఇది తప్పని తేలితే నీ ఉద్యోగం ఉండదు. తెలుసా?"

"తెలుసండీ."

ఈలోగా కెప్టెను దిగొచ్చి పుస్తకం చదివాడు. రెండుసార్లు చదివాడు. "టేపు తియ్యి. నేనే కూర్చుంటా" అన్నాడు.

ఆయన ఎడం సీట్లో, నేను వెనక తెర దగ్గర. రెండో పేజీ తెరిచి ఆయనకి చూపించాను. ఆ పెట్టెలో నేనుండగా ఇంకో మనిషి ఎగరడం నాకదే మొదలు. ఆయన వెన్నపూసలా తీసుకొచ్చాడు విమానాన్ని. వంద అడుగులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దభీమంది. తెల్ల మీసం కూడా ఎగిరిపడింది.

"మళ్ళీ."

దభీ.

మూడోసారి ముందే కాచుకుని ఇంజను బలం పెంచాడు. అయినా బరువుగానే పడింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బొమ్మ రన్‌వే వంక చూస్తూ కూర్చున్నాడు.

"గాలి వస్తుందని నాకు తెలిసి కూడా ఇలా పడింది. ఆ పిల్లకి తెలీదు" అన్నాడు.

వెనక్కి తిరిగి తెర వైపు చూశాడు.

"నేను రెండో పేజీ చూడలేదు. టైము కలిసొస్తుందని ప్రతిసారీ విమానాన్ని తిన్నగా రన్‌వే ముందుకి తెచ్చిపెట్టాను. యంత్రాన్ని మొదట్నించీ మొదలెట్టుంటే ఆ పాత గాలి దానంతటదే చెరిగిపోయేది కదూ?"

"పోయేది సార్."

బయటికొచ్చి అందర్నీ పిలిపించాడు. టీ తాగుతున్న ముగ్గురూ, మేనేజరూ, గోడవారగా అమ్మాయీ. "పొద్దుటి పరీక్ష లెక్కలోకి రాదు. అమ్మాయికి రేపు మళ్ళీ పెడతాం. ఎందుకో ఈయన చెప్తారు" అని పక్కకి జరిగాడు.

చెప్పడం మొదలెట్టాను. రెండు ముక్కలయ్యాయో లేదో, ముగ్గురిలో ఒకతను నాకు అడ్డొచ్చి కెప్టెన్ని అడిగాడు. "వెనక నుంచి గాలి తోస్తే ముందుకి దూసుకెళ్ళాలి గదా కెప్టెన్, కింద పడ్డమేంటి?"

"నన్నడుగుతావేంటయ్యా? చెప్పేది ఆయన. ఆయన్నడుగు."

ఐదు జతల కళ్ళు ఇటు తిరిగాయి. పద్దెనిమిదేళ్ళు ఈ చూపు కోసం కాచుక్కూర్చున్న మనిషిని, తీరా వచ్చాక నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. జేబులో పెట్టాను. తీశాను. అతను ఇబ్బందిగా, "సారీ సార్... మీ పేరు?" అన్నాడు. చెబుతాడేమోనని మేనేజరు వైపు చూశాను. మేనేజరు నా మెడలోని బ్యాడ్జీ వైపు చూశాడు. బ్యాడ్జీ తిరగబడి ఉంది.

"పేరు తర్వాత చెప్తాను, ముందు గాలి సంగతి వినండి" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "విమానాన్ని మోసేది ఎదురుగాలి. ఎదురొచ్చే గాలి రెక్కల కిందకి చేరి పైకి పట్టుకుంటుంది. హఠాత్తుగా వెనక నుంచి తోస్తే ఆ పట్టు జారుతుంది, విమానం కూలబడుతుంది. ఈ గాలి పొద్దున్న బ్యాచ్ వాళ్ళు పెట్టి మర్చిపోయింది. వంద అడుగుల దగ్గర కాచుకుని కూర్చుంది. మొదటి పేజీలో కనపడదు, రెండో పేజీలో ఉంటుంది. వచ్చి రెండు సెకన్లలో పోతుంది కాబట్టి లోపలున్నవాళ్ళకి నడిపేవాళ్ళ తప్పులాగే అనిపిస్తుంది. కెప్టెన్ గారికీ అలాగే అనిపించింది. అమ్మాయి మూడుసార్లూ సరిగ్గానే దింపింది." అప్పుడు మెడలోని బ్యాడ్జీని పేరు కనపడేలా ఇటు తిప్పాను.